మేస్త్రి గారి దుబాసీ

మేస్త్రి డ్యూటీలో ఉన్న రోజున యార్డుకి మైకు అక్కర్లేదని అందరూ అనేవాళ్ళు. వంతెనల కోసం సిమెంటు దూలాలు పోతపోసే యార్డు అది. పొడవు అర కిలోమీటరు ఉంటుంది. ఈ చివర నిలబడి ఆయన "ఆపు!" అన్నాడంటే ఆ చివర క్రేను ఆగాల్సిందే. పద్నాలుగేళ్ళుగా ఆ దేశంలో ఉన్నా అక్కడి భాషలో ఆయనకి వచ్చినవి ఓ నలభై మాటలుంటాయేమో. పైకి, కిందికి, వదులు, జరుగు, బుద్ధుందా... అన్నీ అరవడానికి పనికొచ్చేవే. మిగతా కబుర్లన్నీ తెలుగులోనే. అర్థం కానివాళ్ళు కూడా ఆయన చెప్పే తీరు చూసి నవ్వేవాళ్ళు.

ఆ ఇంట్లో భాష పట్టుబడింది ఆయన భార్యకి. బట్టలుతికి ఇస్త్రీ చేసే దుకాణంలో ఆరేళ్ళుగా ఆమె కౌంటరు చూస్తోంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వచ్చేపోయే వాళ్ళతో మాట్లాడ్డమే పని. ఏ మరక పోతుందో, ఏది పోదో, పోనిదాని సంగతి ఎదుటివాళ్ళు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో ఆమెకి బాగా అలవాటు. యజమాని ఆమెని ఉంచుకున్నదే ఆ నేర్పు చూసి.

వాళ్ళకి ఒక్కతే కూతురు. పన్నెండేళ్ళది. అక్కడే పుట్టింది, అక్కడి బడిలోనే చదువుతోంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ ఒక్క అక్షరం చదవలేదు. "ఈ సెలవుల్లో నేర్పించేస్తా చూడు" అని మేస్త్రి ఏటా అనేవాడు. ఏటా సెలవులు అయిపోయేవి.

గొంతు బొంగురుపోయినప్పుడు యార్డు దుమ్మే కారణమనుకున్నారు. మేస్త్రి వేణ్ణీళ్ళు పుక్కిలించాడు, ఉప్పునీళ్ళు పుక్కిలించాడు, సిగరెట్లు సగానికి తగ్గించాడు. మూడు నెలలు గడిచేసరికి ఆయన "ఆపు" అంటే క్రేను ఆగడం మానేసింది. మేస్త్రి తమ్ముడూ అని పిలిచే ఆ క్రేను డ్రైవరు కూడా తెలుగువాడే. ఒకరోజు పని ఆపి కిందికి దిగొచ్చి చివాట్లేశాడు.

"అన్నా, నీ నోరు ఆడ్డం కనిపిస్తోంది గానీ నాకేం వినబడట్లేదు. ఇలాగే ఉంటే నీ నెత్తిమీదే దూలం దించేస్తా. ముందు డాక్టరు దగ్గరికి పో!"

కంపెనీ క్లినిక్కు వాళ్ళు గొంతులోకి లైటు వేసి చూసి, ఇది మా వల్ల అయ్యే పని కాదంటూ చీటీ రాసిచ్చారు. బయటి దేశాల నుంచి వచ్చిన పనివాళ్ళకి కంపెనీ బీమా ఉంది. ఆ బీమా చెల్లేది ఊరికి ఉత్తరాన ఉన్న ఒకే ఒక్క ప్రైవేటు ఆసుపత్రిలో.

ఆ ఆసుపత్రి గుమ్మంలో అడుగుపెట్టగానే మేస్త్రి ఆగిపోయాడు. పాలరాతి నేల, ముఖం చూసుకునేంత నున్నగా ఉంది. మెత్తటి సోఫాలు, నిలువెత్తు మొక్కల కుండీలు, ఎక్కడి నుంచో సన్నగా సంగీతం. మందుల వాసన మచ్చుకైనా లేదు.

"ఇది ఆసుపత్రేనా, పెళ్ళి హాలా? దారి తప్పి ఎవరి ముహూర్తానికో వచ్చినట్టున్నాం" అన్నాడు గుసగుసగా. అప్పటికే ఆయన గట్టిగా మాట్లాడినా గుసగుసే వస్తోంది.

విదేశీ రోగుల కోసం అక్కడ వేరే బల్ల ఉంది. నీలం కోటు వేసుకున్న ఒక అమ్మాయి లేచి నిలబడి, నవ్వుతూ ఇద్దరికీ మంచినీళ్ళ సీసాలిచ్చింది. ఏ కాగితానికి ఏ గది, ఏ గదికి ఏ లిఫ్టు, అన్నీ తనే దగ్గరుండి చూసుకుంది. ఆ వారంలో ఫొటోలు తీశారు, గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఎవ్వరూ విసుక్కోలేదు. మనూళ్ళో అయితే ఈపాటికి నలుగురు కసిరి ఉండేవాళ్ళని మేస్త్రి మెచ్చుకున్నాడు కూడా.

ఫలితం చెప్పే రోజున, డాక్టరు గది బయట కూర్చుని ఉండగా ఆయన భార్య వైపు తిరిగాడు.

"ఇదిగో, ముందే చెప్తున్నా. ఏం కోసుకుంటారో కోసుకోమను. గొంతు జోలికి మాత్రం రావద్దను. మా పెదనాన్నని చూశావుగా, మాట పడిపోయాక పదకొండేళ్ళు అరుగు మీద బొమ్మలా కూర్చున్నాడు. దాహమేసినా చెప్పలేక గోడకేసి తల కొట్టుకునేవాడు. అలా బతకడం కంటే పోవడం నయం."

"ఆ మాటలు ఇప్పుడెందుకండీ?" అంది ఆమె.

"ఎప్పుడో ఒకప్పుడు చెప్పాలిగా. చెప్పేశాను."

లోపల నీలం కోటు అమ్మాయి బల్ల మీద ఫోను పెట్టింది. రోగికి సొంత భాషలోనే చెప్పాలని ఆసుపత్రి నియమమట. అందుకని దుబాసీని మాట్లాడిపెట్టామని చెప్పింది. ఫోనులోంచి ఒకాయన గొంతు సవరించుకుని గలగలా హిందీ అందుకున్నాడు. మేస్త్రి రెండు నిమిషాలు విన్నాడు.

"నాకొచ్చిన హిందీకి హీరో ఎవరో, విలనెవరో మాత్రం తెలుస్తుంది. ఈయన చెప్పేది అంతకంటే పెద్ద కథలా ఉంది" అన్నాడు.

నీలం కోటు అమ్మాయి బిక్కమొహం వేసింది. తెలుగు తెలిసినవాళ్ళు దొరకాలంటే తొమ్మిది రోజులు పడుతుందట. ఆపరేషను గది ఖాళీగా ఉన్నది గురువారమే. ఆ రోజు తప్పితే మళ్ళీ మూడు వారాలు. డాక్టరు గోడ మీది క్యాలెండరు వంక చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"నేను చెప్తాను. నాకు భాష వచ్చు" అంది మేస్త్రి భార్య.

ఆ అమ్మాయి హమ్మయ్య అనుకున్నట్టు ఓ కాగితం తెచ్చింది. కుటుంబ సభ్యులే దుబాసీగా ఉంటామని ఒప్పుకునే కాగితం. ఆమె సంతకం చేసింది.

డాక్టరు సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. తెల్ల కాగితం మీద గొంతు బొమ్మ గీశాడు. కణితి ఎక్కడుందో నల్లగా దిద్దాడు. అది స్వరపేటికని దాటి పక్కనున్న మెత్తటి ఎముకలోకి పాకిందన్నాడు. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి. మెడ ముందు రంధ్రం పెడతాం, ఇక జీవితాంతం ఊపిరి అందులోంచే. నోటితో మునుపటిలా మాట్లాడ్డం ఉండదు. ఇలా చేస్తే నూటికి అరవై అయిదు మంది అయిదేళ్ళు దాటి బతుకుతున్నారు. తర్వాత కలం దించి, రెండో దారి కూడా ఉంది అన్నాడు. కొయ్యకుండా, కరెంటు పెట్టి, మందులెక్కించి చూడొచ్చు. గొంతు మిగలొచ్చు. కానీ ఈ దశలో దాన్ని నేను సలహా ఇవ్వను, నూటికి ముప్ఫై అయిదు మందే మిగులుతారు. ఏది కావాలో నిర్ణయం మాత్రం ఆయనదే.

అర్థం కాలేదని చెప్పుకోవడానికి ఆమెకి వీల్లేకుండా అంత విడమర్చి చెప్పాడు. అరవై అయిదు, ముప్ఫై అయిదు. ఆ రెండంకెలూ ఆమె తలలో గిర్రున తిరిగాయి. అయిదేళ్ళకి కూతురికి పదిహేడొస్తాయి. పక్కన మేస్త్రి ముందుకి వంగి, చెప్పు మరి అన్నట్టు ఆమె నోటి వంకే చూస్తున్నాడు.

"గొంతులో గడ్డ ఉందిటండీ. మంచిది కాదట. గురువారం కోసి తీసేస్తారట" అంది.

"గొంతుకేం కాదుగా?"

ఆమె డాక్టరు గీసిన బొమ్మ వంక చూసింది.

"కొన్నాళ్ళు మాట్లాడకూడదట."

"ఎన్నాళ్ళు?"

"కొన్నాళ్ళు. గాయం మానేదాకా."

మేస్త్రి వెనక్కి వాలాడు. "అంతేనా? దానికింత బొమ్మ గీయాలా?"

డాక్టరు కళ్ళజోడు సర్దుకుని ఆమెని అడిగాడు. "నేను చాలాసేపు మాట్లాడాను. మీరు రెండు ముక్కల్లో చెప్పేశారే?"

"మా భాషలో పొట్టిగానే ఉంటుంది" అంది ఆమె.

డాక్టరు నవ్వాడు. నీలం కోటు అమ్మాయి కూడా నవ్వింది. అందరూ నవ్వుతున్నారు కదా అని మేస్త్రీ నవ్వాడు. ఆ నవ్వుతోనే చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు.

గురువారం పొద్దున్న ఎనిమిదింటికి ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారు. తోపుడు మంచం మీద వెళుతూ, "కొన్నాళ్ళు నీకు పండగే. ఇంట్లో మాట్లాడే హక్కంతా నీదే" అన్నాడు. గీసుకుపోయిన ఆ గొంతులోంచి ఆమె విన్న ఆఖరి మాట అదే.

వెయిటింగు హాల్లో గోడకి పెద్ద తెర ఉంది. దానిమీద పేర్లుండవు, నంబర్లే. లోపల ఆపరేషను జరుగుతుంటే నంబరు పసుపు రంగులో ఉంటుంది, అయిపోతే ఆకుపచ్చగా మారుతుంది. ఏడున్నర గంటలు ఆమె ఆ పసుపు నంబరు ముందు కూర్చుంది. నీలం కోటు అమ్మాయి రెండుసార్లొచ్చి కాఫీ కావాలా అని అడిగింది. రెండుసార్లూ తలూపింది గానీ తాగలేదు. ఇంకా పరిగెత్తుకెళ్ళి ఆపమని చెప్పొచ్చేమోనని మొదటి గంటలో చాలాసార్లు అనుకుంది. తర్వాత అనుకోవడం మానేసింది. మూడున్నరకి నంబరు ఆకుపచ్చగా మారింది.

మేస్త్రి మెడ నిండా కట్లు, ముక్కులోంచి ఆహారం పోయడానికి గొట్టం. గొంతు కింద వేలంత రంధ్రం. ఊపిరి తీసినప్పుడల్లా అందులోంచి సన్నగా బుసలాంటి చప్పుడు. మూడో రోజుకి లేచి కూర్చున్నాడు. నర్సు ఆయన చేతికి పలకలాంటి తెల్లబోర్డూ, చెరిగే పెన్నూ ఇచ్చింది. మొట్టమొదట ఆయన రాసింది: "పిల్ల అన్నం తిందా?"

సాయంత్రం కూతురు వచ్చి మంచం అంచున కూర్చుంది. ఆయన ఉత్సాహంగా ఏదో రాసి దాని ముందు పెట్టాడు. ఆ పిల్ల ఆ అక్షరాల వంక, తండ్రి మొహం వంక చూసి, "అమ్మా, ఏమంటున్నాడు?" అంది. మేస్త్రి చెయ్యి బోర్డు మీదే ఆగిపోయింది. డాక్టర్లకి రాదు, నర్సులకి రాదు, కన్నకూతురికీ రాదు. ఆ ఆసుపత్రి మొత్తంలో ఆయన రాత చదవగలిగేది ఒక్క భార్యే.

ఆమె చదివి చెప్పింది. నొప్పంటే నొప్పని, దిండు ఎత్తమంటే ఎత్తమని, ఏదీ దాచకుండా చెప్పింది. "మాట ఎప్పుడొస్తుంది?" అని రాసినప్పుడు మాత్రం నర్సుని అడక్కుండానే, "వస్తుందండీ, నెమ్మదిగా" అనేది.

ఆరో రోజు మధ్యాహ్నం మాటలు నేర్పే ఆవిడ వచ్చింది. నడివయసు మనిషి, జోలె లాంటి సంచి, మెళ్ళో ఎర్రటి పూసలు. సంచిలోంచి టార్చిలైటు లాంటి పరికరం తీసి తన మెడకి ఆనించుకుని పెదాలు కదిపింది. తుమ్మెద రొదలాంటి గొంతులో "బాగున్నారా" అన్న మాట ఆ దేశపు భాషలో వినిపించింది. తర్వాత దాన్ని మేస్త్రి చేతిలో పెట్టింది.

"ఆపరేషనుకి ముందు డాక్టరు గారు చెప్పారు కదా, ఇక మీ గొంతు ఇదే. ఓపిగ్గా నేర్చుకుంటే సొంత గొంతులా అలవాటైపోతుంది. చెప్పమ్మా ఆయనకి" అంది భార్య వైపు తిరిగి.

ఆమె దుప్పటి అంచు సర్దింది.

మేస్త్రి ఆ పరికరాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పక్కన పెట్టి బోర్డు అందుకున్నాడు. "ఇదెందుకు? గాయం మానాక మాటొస్తుందిగా."

ఆమె గోడ వైపు చూసింది. నేల వైపు చూసింది. మేస్త్రి కాసేపు ఆమెనే చూసి, రాసింది చెరిపి, మళ్ళీ రాశాడు.

"నీకు ముందే తెలుసా?"

ఆమె తలూపింది.

ఆయన బోర్డుని బోర్లించి దుప్పటి మీద పెట్టాడు. ఎర్రపూసలావిడకి ఏమీ అర్థం కాక, రేపొస్తానని మెల్లిగా వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి మేస్త్రి తెలుగు రాయడం మానేశాడు. బొమ్మలు గియ్యడం మొదలుపెట్టాడు. దిండు కావాలంటే దిండు బొమ్మ, దుప్పటి కావాలంటే దుప్పటి బొమ్మ. నొప్పెక్కడో చూపడానికి మనిషి బొమ్మ గీసి బాణం గుర్తు పెట్టేవాడు. దూలాల కొలతలు గీసిన చెయ్యి కాబట్టి గీత తిన్నగా ఉండేది. అవి నేరుగా నర్సులకే చూపించేవాడు. నర్సులు ముచ్చటపడి, భలే గీస్తున్నాడే అనుకునేవాళ్ళు. ఆమె పక్కనే కుర్చీలో కూర్చుని, తను అవసరం లేకుండానే పనులన్నీ జరిగిపోవడం చూసేది.

మర్నాడు ఒక కుర్రది చిన్న తెర పట్టుకుని గదులన్నీ తిరుగుతూ వచ్చింది. మా సేవలు ఎలా ఉన్నాయో నొక్కండి అంది. దానిమీద అయిదు మొహాలున్నాయి. పళ్ళికిలించే మొహం దగ్గర్నుంచి ఏడుపు మొహం దాకా. మేస్త్రి ఏడుపు మొహం నొక్కాడు. ఆ పిల్ల కంగారుపడింది.

"పొరపాటున తగిలిందమ్మా, మీరంతా బాగా చూసుకుంటున్నారు" అంది ఆమె అలవాటు కొద్దీ.

ఏమందో మేస్త్రికి భాష రాకపోయినా అర్థమైంది. చెయ్యి చాచి తెర లాక్కుని, ఏడుపు మొహాన్ని మళ్ళీ నొక్కాడు. వేలు అలాగే అదిమిపట్టి ఉంచాడు.

ఆ సాయంత్రమే ఆయన గీసిన బొమ్మ నర్సు చేతిలోంచి నీలం కోటు అమ్మాయి దాకా వెళ్ళింది. మంచం మీద మనిషి, ఎదురుగా డాక్టరు, మధ్యలో జడ వేసుకున్న ఆడమనిషి. ఆ ఆడమనిషి మీద ఇటూ అటూ రెండు గీతల కొట్టివేత.

నీలం కోటు అమ్మాయి ఆమెని వరండాలోకి పిలిచింది. "ఆయన వేరే దుబాసీని అడుగుతున్నారనుకుంటా. అది ఆయన హక్కు. మీరేమీ అనుకోకండి" అంది ఇబ్బందిగా.

"ఏమీ అనుకోను" అంది ఆమె.

నాలుగు రోజులకి మనిషి దొరికింది. వేరే ఊళ్ళో ఉంటుంది, కంప్యూటరు తెర మీద కనిపిస్తుంది. పాతికేళ్ళ తెలుగమ్మాయి. చెవులకి పెద్ద హెడ్‌ఫోను. నమస్కారం పెట్టి, "అన్నయ్యా, మీరు రాసి కెమెరాకి చూపించండి, నేను చదివి చెప్తాను" అంది. డాక్టరు వచ్చి కూర్చున్నాడు. భార్య లేచి బయటికి వెళ్ళబోతే మేస్త్రి వేలితో కుర్చీ చూపించాడు. కూర్చోమని.

అయిదు రోజుల తర్వాత ఆయన మళ్ళీ తెలుగు రాశాడు. తెరకి చూపించాడు. ఆ అమ్మాయి గట్టిగా చదివింది.

"ఆ రోజు మా ఆవిడకి ఏమేం చెప్పారో, మళ్ళీ మొదట్నుంచి నాకు చెప్పండి."

డాక్టరు ఫైలు తెరిచాడు. తను గీసిన బొమ్మ కూడా అందులోనే ఉంది. ఒక్కొక్క వాక్యం ఆయన అంటుంటే ఒక్కొక్క వాక్యం తెలుగై వచ్చింది. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని చెప్పాను అన్నాడు. మాట ఉండదని చెప్పాను. నూటికి అరవై అయిదు అని చెప్పాను. మేస్త్రి కదలకుండా విన్నాడు. అదంతా ఆయన ఈపాటికి ఊహించుకున్నదే.

"తర్వాత రెండో దారి గురించి చెప్పాను" అంది తెరలో అమ్మాయి. "కోత లేకుండా చేసే వైద్యం. గొంతు మిగిలే అవకాశం ఉంది. ప్రాణానికి మాత్రం నూటికి ముప్ఫై అయిదు. ఏది ఎంచుకోవాలో మీ ఇష్టమని చెప్పాను."

మేస్త్రి మెడలో బుస ఆగింది. ఊపిరి తీయడం మర్చిపోయాడు. కాసేపటికి ఒక్కసారిగా దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. నర్సు పరుగున వచ్చి రంధ్రం తుడిచింది. దగ్గు తగ్గాక డాక్టరు ఆమె వైపు తిరిగాడు.

"ఇది మీరాయనకి చెప్పలేదా?"

ఆ ప్రశ్న తెలుగులోకి మార్చాలో అక్కర్లేదో తెలియక, తెరలో అమ్మాయి హెడ్‌ఫోను సర్దుకుంటూ ఉండిపోయింది.

"చెప్పలేదు" అంది ఆమె.

మేస్త్రి ఆమె వంక చూడలేదు. బోర్డు తుడిచి, థాంక్యూ అని తెలుగులో రాసి తెరకి చూపించాడు.

ఆ గంటలోనే ఆసుపత్రి మర్యాద రెట్టింపైంది. మంచి సూటు వేసుకున్న మేనేజరొకాయన ఆమెని తన గదికి పిలిపించి, బిస్కెట్లు పెట్టించి, ఆమె సంతకం చేసిన కాగితం తీసి చూపించాడు. కుటుంబ సభ్యులు చేసే అనువాదానికి ఆసుపత్రి బాధ్యత వహించదని అడుగున సన్నటి అక్షరాల్లో ఉంది.

"మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదండీ. మా రికార్డు కోసం. ఈ సంతకం మీదేనని ఇంకోసారి రాసిస్తే చాలు."

"నాదే" అంది ఆమె. రాసిచ్చింది. అంత పెద్ద భవనంలో ఆ తప్పు తాలూకు బరువు ఇంకెవ్వరి మీదా లేదని ఆ కాగితంతో తేలిపోయింది. ఆయన తలుపు దాకా వచ్చి సాగనంపాడు.

ఇంటికొచ్చాక నెల్లాళ్ళు ఆగి, ఆరు వారాలు కరెంటు పెట్టారు. వారానికి అయిదు రోజులు ఆసుపత్రి వ్యాను గుమ్మం ముందుకొచ్చేది. ఆమె గది తలుపు దాకా వెళ్ళేది. లోపల తెర మీద ఆ అమ్మాయి ఉండేది.

కొత్త బతుకులో కష్టాలన్నీ ఎవ్వరూ చెప్పనివే. ఊపిరి ముక్కులోంచి పోదు కాబట్టి మేస్త్రికి వాసన తెలియడం లేదు. కూర మాడితే పక్కనే ఉన్నా పసిగట్టలేడు. వేడి టీ ముందుంటే పెదాలు గుండ్రంగా చుట్టి ఊదబోయేవాడు. నోట్లోంచి గాలి రాదు. కప్పు అలాగే పట్టుకుని కూర్చునేవాడు. ఆమె చూసి చూసి, ముందే రెండు గ్లాసుల్లో తిరగబోసి చల్లార్చి ఇవ్వడం మొదలెట్టింది. ఆయన తాగేవాడు. పెట్టింది తినేవాడు. కోపంగా గిన్నె తోసెయ్యడం, తలుపు దబాల్న వెయ్యడం ఏమీ లేదు. అలా చేసినా బాగుండుననుకునేది ఆమె.

యార్డు వాళ్ళు ఆయన్ని స్టోరురూములో వేశారు. బోల్టులూ తాళ్ళూ చూసుకునే పని. అరవక్కర్లేదు. క్రేను తమ్ముడు వారానికోసారి ఇంటికొచ్చి, ఇద్దరి మాటలూ తనే మాట్లాడి వెళ్ళేవాడు. వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర, "యార్డు చచ్చినట్టుంది వదినా" అన్నాడొకసారి. అని నాలిక్కరుచుకున్నాడు.

కూతురికి మాత్రం మేస్త్రి చెప్పిన మాట నిలబెట్టుకున్నాడు. రోజూ బడి నుంచి రాగానే బోర్డు మీద అక్షరాలు దిద్దించేవాడు. రెండు నెలలకి ఆ పిల్ల గుణింతాల దాకా వచ్చింది. ఒకరోజు కూడబలుక్కుని, "నా... జడ... వం... కర. ఏయ్ నాన్నా!" అని అరిచింది. మేస్త్రి చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా నవ్వాడు. దాని పోరు పడలేకే మెడకి ఆనించుకునే మిషను కూడా వాడ్డం మొదలెట్టాడు. "నాన్నా, రోబోలా ఉన్నావ్" అంటే, ఆ మిషనుతోనే "నోర్ముయ్" అనేవాడు. వంటింట్లోంచి ఆమె వినేది. ఆ మిషను గొంతు ఆమె వైపు తిరిగి రెండు మూడు మాటలకి మించి అనేది కాదు. ఉప్పు. తాళం. పద.

ఒక ఆదివారం మధ్యాహ్నం కూతురు స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. మేస్త్రి కిటికీ దగ్గర కూర్చుని చొక్కా బొత్తం కుట్టుకుంటున్నాడు. ఊడిన బొత్తాలు కుట్టివ్వడం కూడా దుకాణంలో ఆమె పనే. అయినా ఆయన అడగలేదు. ఆమె చూస్తూ చూస్తూ ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏదో ఒకటి అనండి. తిట్టండి. రాసైనా తిట్టండి. ఇలా మాత్రం చంపకండి నన్ను."

ఆయన దారం కొరికి, సూది చొక్కాకి గుచ్చి, బోర్డు తీసుకున్నాడు.

"నన్ను అడగాల్సింది."

"అడిగితే వద్దనేవాళ్ళు."

"అవును."

"వద్దంటే చచ్చిపోయేవాళ్ళేమో! అప్పుడు పిల్లకి నేనేం చెప్పుకునేదాన్ని?"

ఆయన కిటికీలోంచి కిందికి చూశాడు. కింద వీధిలో ఎవరో కారు అద్దాలు తుడుస్తున్నారు. చివరికి బోర్డు మూల చిన్నగా రాశాడు.

"చావు కూడా నాదే కదా."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఆయన జాలిపడతాడేమో, ఆ జాలి తనకి దక్కకూడదు అనిపించింది.

"నన్ను మళ్ళీ ఆ గదిలో కూర్చోబెట్టినా నేను మళ్ళీ అలాగే చెప్తాను" అంది. "తప్పైపోయిందని అబద్ధమాడి క్షమించమని అడగలేను."

మేస్త్రి తలూపాడు. అది ఒప్పుకోవడం కాదు, తెలుసు అని. బోర్డు తుడిచేసి, చొక్కా మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

ఆరు నెలలు గడిచాక ఫొటోలు తీయించుకుని ఫలితం కోసం వెళ్ళారు. పాలరాతి నేల అలాగే మెరుస్తోంది. నీలం కోటు అమ్మాయి మారింది, కోటు అదే. ఈసారి దుబాసీ అమ్మాయి తెర మీద కాదు, మనిషే వచ్చింది. ఆ రోజు ఆ ఊళ్ళో వేరే పని పడిందట. ఆమెని చూసి నవ్వి, మేస్త్రి వెనకే లోపలికెళ్ళి తలుపేసింది.

ఆమె బయట సోఫాలో కూర్చుంది. గోడ గడియారంలో ఇరవై అయిదు నిమిషాలు గడిచాయి. మంచి కబురు చెప్పడానికి ఇంతసేపు పడుతుందా? చెడ్డ కబురైతే ఇంతసేపట్లో తేలుతుందా? లోపల్నుంచి మాటలు వినిపిస్తున్నాయి గానీ తలుపు మందంగా ఉంది. ఒకసారి మిషను రొద వినిపించింది. ఒకసారి ఎవరో నవ్వినట్టూ అనిపించింది.

తలుపు తీసుకుని ముందు దుబాసీ అమ్మాయే వచ్చింది. ఆమె గబుక్కున లేచి చెయ్యి పట్టుకుంది.

"ఏమన్నారమ్మా?"

ఆ అమ్మాయి చెయ్యి వదిలించుకోలేదు. తల దించుకుంది. "సారీ అక్కా. మేం చెప్పకూడదు. అన్నయ్యే చెప్పాలి."

మేస్త్రి వచ్చాడు. కాగితాలు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆమె ఎదురుచూపు చూసి, సంచిలోంచి బోర్డు తీసి నిలబడే రాశాడు.

"ఆర్నెల్లకి రమ్మన్నారు."

"అంటే బాగుందన్నట్టేనా?"

ఆయన భుజాలెగరేశాడు.

"ఇంకేమీ అనలేదా? అంతసేపు ఉన్నారుగా లోపల?"

మేస్త్రి అరచేత్తో అక్షరాలు చెరిపేశాడు. బోర్డు సంచిలో పెట్టుకుని, మిషను మెడకి ఆనించి "పద" అన్నాడు.

బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీట్లే దొరికాయి. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. జేబులోంచి మడత కాగితాల అంచు కనిపిస్తోంది. చెయ్యి చాస్తే అందేంత దగ్గర. తీసి చదివితే ఆమెకి ప్రతి ముక్కా అర్థమవుతుంది. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఇరవై ఏళ్ళుగా తెలిసిన ఆ మొహాన్ని చూస్తూ కూర్చుంది. దిగాల్సిన స్టాపు వచ్చేదాకా చూసినా, అందులో ఏముందో ఆమెకి తెలియలేదు.